శ్రమకాలంలో మల్లెగోలెం

చిలకలగూడలో డోరా టీచరు అద్దెకుండే ఇంటి వాకిట్లో ఉన్నది ఒకే గోలెం, అందులో ఒకే బొండుమల్లె. వాళ్లమ్మ నాటిన మొక్కకు అంటు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి, అమ్మానాన్నల సమాధి మీద ఇంట పూసిన పూలే పెట్టడం ఆమెకు అలవాటు. కొన్న పూలు పెట్టడం వాళ్లమ్మ ఎరగదు. ఆ రోజుల్లో వాళ్ల పాత ఇంటి పెరట్లో బావి ఉండేది. అమ్మ చేదతో తోడి పోస్తుంటే చిన్న డోరా పాదు చుట్టూ మట్టికట్ట వేసేది. తడిగుడ్డలో పూలు మూటగట్టుకుని అమ్మ వెనక నాన్న సమాధికి నడిచిన దారంతా మల్లెవాసనే.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. బోరు ఎండింది. కుళాయి రోజు విడిచి రోజు. మంచినీళ్లు మొక్కలకు పోస్తే జరిమానా అని వీధిలో మైకులో చెప్పి వెళ్లారు. ఎవరూ చూడకపోయినా డోరా చుక్క పోయలేదు. పిల్లలకు క్రమశిక్షణ చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి.

బియ్యం కడిగిన నీళ్లున్నాయిగా అనుకుంది. అదీ అమ్మ నేర్పిందే. అంతలో ఈస్టరుకు ముందుండే శ్రమకాలం వచ్చింది. ఏటా లాగే పగటి భోజనం మానేసింది. రాత్రికి చపాతీ. ఇక బియ్యం కడిగే పనేముంది? మల్లె ఆకులు రాల్చేదాకా ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

మేడమీది విజయమ్మ మెట్లు దిగుతూ ఆగింది.

"ఏందక్కా, చెట్టు గిట్ల ఎండిపాయె?"

"నేను ఉపవాసం కదా విజయమ్మా. బియ్యం కడగట్లేదు."

"నువ్వుంటే ఉన్నవ్. దీనికి సుత బాప్తిస్మం ఇచ్చినవా, ఉపవాసం ఉండనీకి?"

డోరాకు నవ్వు ఆగలేదు. "పోనీ, ఉపవాసం విడిచి అన్నం వండుకోనా?"

"వద్దక్కా! దేవునితోని లొల్లెందుకు? మా ఇంట్ల రెండు పూటలా బియ్యమే. నీళ్లు నేను తెస్త."

మర్నాటి నుంచి విజయమ్మ గిన్నెతో దిగింది. డోరా మట్టి గుల్ల చేసి, తడి ఆరకుండా రాలిన ఆకులే పైన కప్పింది. ఆలస్యంగానైనా మొగ్గ కనిపించింది.

ఈస్టరునాడు చీకటితో లేచి కోస్తే దోసిలి నిండలేదు. సమాధుల తోట గేటు దగ్గర పూలమ్మే ఆమె పిలిచింది. "టీచరమ్మా, దండ తీస్కో." డోరా తల అడ్డంగా ఊపి లోపలికి నడిచింది.

రాయి తుడిచి పూలు పేర్చింది. అమ్మ పేరు వరకే వచ్చాయి. పైన నాన్న పేరు బోసిగా మిగిలింది.

"ఈ ఏటికి సర్దుకో నాన్నా," అంది. మిగతాది నాన్నకు అమ్మే చెప్పుకుంటుందిలే అనుకుని, కొవ్వొత్తి వెలిగించింది.