గోదావరి ఒడ్డున దొరికిన గుర్రం పన్ను

నిన్న వడ్రంగి మా తలుపులకు లక్క పాలిషు పెడుతుంటే ఆ వాసన లోపలి గదిదాకా వచ్చింది. చదువుతున్న పేపరు పడేసి గబగబా వీధిలోకి వచ్చేశాను. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నాకు గుండెదడే. మట్టిలో దొరికిన పాత ఎముకలు పొడిపొడి కాకుండా రాజలింగం సారు వాటికి స్పిరిట్లో కరిగించిన లక్క పూసేవారు.

సారుది చొప్పదండి. భూగర్భ శాఖలో అధికారి. పంతొమ్మిది వందల అరవైల్లో, ఆయన తవ్వి తీసినవాటికి బొమ్మలు గీయడం నా ఉద్యోగం. నేను బెల్లంపల్లి బొగ్గుబావి కార్మికుడి కొడుకును. నెత్తి మీద మట్టి ఉందంటే చాలు, నాకు చెమటలు పట్టేవి. అది చూసి నవ్వని అధికారి ఆయనొక్కరే.

ఒక ఏడు బాసరకు దిగువన, నది నిలువునా కోసేసిన ఒడ్డులో ఒక గుర్రం పన్ను దొరికింది. వేల ఏళ్ల కిందట అంతరించిపోయిన గుర్రాలు ఆ ప్రాంతంలో తిరిగేవని అప్పటికే తెలుసు. కానీ ఈ పన్ను నమిలే ముఖం మీది పింగాణీ పొర మడతలు, తెలిసిన జాతికి ఉన్నట్టు లేవు. మా పెద్దాఫీసరు ఎగిరి గంతేశాడు. కొత్త జాతి, వెంటనే పేరు పెట్టెయ్యండి అన్నాడు. సారు ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"భయమైతుందా సారూ?" అని అడిగాను.

"కాదా మరి? పన్ను అరిగినకొద్ది మడతలు మారుతయి. ముందు మొలిచిన పన్ను ముందే అరుగుతది. గిదొక్కటి జూసి కొత్త జాతి అంటే ఎట్ల? పుస్తకాలకెక్కినంక గా తప్పును ఎవరు తీస్తరు? పక్కపళ్లు దొరకాలె శంకర్. గప్పటిదాక నాకు నిద్ర పట్టది."

తొలకరికి ఒడ్డు ఇంకాస్త విరిగి, అదే చోట దవడ బయటపడింది. పైమట్టి ముందుకు వేలాడుతోంది. గనిలో మా బాపు పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు వినిగాని కూర్చునేవాడు కాదు. నేనూ గడ్డపారతో ఒడ్డును తట్టాను. డొల్లగా పలికింది.

"జర ఆగుండ్రి సారూ. గుల్లగున్నది, మీద పడుతది."

"నేను గూడ విన్న. రేపటికి గోదారి దీన్ని కొంటవోతది. జూసొస్త, అంతే. ఏం తవ్వ."

సారు వంగి లోపలికి వెళ్లి బ్రష్షుతో మట్టి తుడవసాగారు. నేను పైకే చూస్తూ నిలబడ్డాను. సన్నగా మట్టి రాలుతోంది.

"శంకర్! రెండు తీర్ల పళ్లు ఒక్క నోట్లనే ఉన్నయి! కొత్త జాతి కాదు, ఏం కాదు!"

ఆ గొంతులో అంత సంతోషం నేనెన్నడూ వినలేదు. అంతలోనే ఒడ్డు కూలింది. దూరాన ఉన్న కూలీలు పరుగెత్తుకొచ్చారు. వాళ్లూ నేనూ చేతులతో తవ్వి బయటికి తీసేసరికి సారు ప్రాణాలతో లేరు. దవడ నీళ్లలో కలిసిపోయింది.

సంతాప సభలో పెద్దాఫీసరు, ఆ కొత్త జాతి గుర్రానికి రాజలింగం గారి పేరే పెడుతున్నామని ప్రకటించాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. సారు భార్య ఆ రోజు తల ఎత్తింది అప్పుడే. ఆ చివరి మాట విన్నది నేనొక్కడినే. నోరు మూసుకుంటే సారు పేరు నిలుస్తుంది, కానీ ఆయన భయపడిన ఆ తప్పు మీదనే నిలుస్తుంది. లేచి, విన్నది విన్నట్టు చెప్పేశాను.

బయట ఆమె నన్ను ఆపింది. "నిజంగ గట్లనే అన్నరా బిడ్డా?"

"అన్నరమ్మా."

"సంబురంగ అన్నరా?"

"సంబురంగనే అన్నరు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ పన్ను ఇప్పటికీ పాత జాతి పేరుతోనే అద్దాల పెట్టెలో ఉంది. సారు పేరు ఏ పుస్తకంలోనూ లేదు. లేకుండా చేసింది నేనే. అది ఆయన కోరినదే అని నాకు తెలుసు. తెలిసినా, ఆమె తల ఎత్తిన ఆ క్షణం గుర్తొస్తే నాకు ఈనాటికీ భయమేస్తుంది.