అడ్డంగా ఒక దుప్పటి

అంబాజీపేట దాటుతుంటే బస్సు కిటికీలోంచి నానిన కొబ్బరి పీచు వాసన వస్తుంది. కాలవ నీళ్ళలో నెలల తరబడి మగ్గిన పీచు అది. పక్క సీట్లో వాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. నాకది సువార్తమ్మగారి చేతుల వాసన.

ఆవిడ మా ఊరి పేటలో పీచు తాడు పేనేవారు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. అరచేతులకు పాత సైకిల్ టైరు ముక్కలు కట్టుకుని, నేల మీద కూర్చునే జరుగుతూ ఊరంతా తిరిగేవారు. పేట అంటే ఊరి చివర దళితులుండే వీధులు. మా తోటల్లో కొబ్బరిచెట్ల నీడ ఆ వీధుల దాకా వెళ్ళేది, మేం వెళ్ళేవాళ్ళం కాదు. గారు తగిలించకుండా కుక్కను కూడా పిలవని కోనసీమ మాది అని గొప్పలు పోతాం గానీ, ఆవిడను మా ఇంట్లో ఎవరూ గారు అనలేదు. నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద. నేనూ సువార్తమ్మా అనే పిలిచేదాన్ని.

తొంభైల మధ్యలో, అమలాపురంలో డిగ్రీ పూర్తి చేసి, లోకాన్ని సరిచేసే పని ఎక్కడ దొరుకుతుందా అని నేను చూస్తున్న రోజుల్లో, ఆవిడే నాకు కబురు పెట్టారు. చుట్టుపక్కల పేటల్లో తనలాంటి ఆడవాళ్ళను పదకొండు మందిని పోగుచేశారట, అర్జీ రాసిపెట్టాలట. రాసింది చదివి వినిపిస్తే, తాడు పేనుతూనే విన్నారు. "బాగుందండి. మరి ఇందులో మేం ఎక్కడున్నామండి?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రాజ్యాంగం దగ్గర్నుంచి ఎత్తుకుని వాదించాను. ఆవిడ ఆయ్, ఆయ్ అంటూ అంతా విని, అవన్నీ ఉండనిచ్చి కుమారి మాట కూడా రాయమన్నారు.

కుమారి ఆవిడ చెల్లెలి కూతురు. పద్దెనిమిదేళ్ళు, ఒక కాలు సన్నం. వికలాంగుల సర్టిఫికెట్లు ఇచ్చే శిబిరంలో ఊళ్ళో ఆడపిల్లలను లోపలి గదిలోకి తీసుకెళ్ళి చూశారు. పేట పిల్లలకు వరండా చాలనుకున్నారు. వరసలో నిలబడ్డ మగవాళ్ళందరి ముందూ లంగా తొడ దాకా ఎత్తి చూపించమన్నాడు డాక్టరు. ఆ పిల్ల చూపించకుండా వచ్చేసింది. సర్టిఫికెట్ లేకపోతే పింఛను లేదు, బస్సు పాసు లేదు, తను ఆశపడ్డ టైపు ట్రైనింగులో సీటు లేదు. ఆ పదకొండు మందిలో సగం మందిది ఇదే కథ. గదిలోకి తమను రానివ్వరని తెలిసి, సువార్తమ్మగారు అడగదలుచుకున్నది అతి చిన్నది. వరండాలోనే అడ్డంగా ఒక దుప్పటి కట్టమని.

మండలాఫీసులో వికలాంగుల కమిటీ వేస్తున్నారని, ఒక మహిళకు చోటుందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. మీటింగు మేడ మీద. పద్దెనిమిది మెట్లు. ఆవిడ దూరాలకు వాడే మూడు చక్రాల బండి దిగి, టైరు ముక్కలు బిగించుకుని, మొదటి మెట్టుకు వీపు తిప్పి కూర్చున్నారు. ఆవిడ మెట్లెక్కే పద్ధతి అది. చేతుల మీద బరువు ఆనించి, వెనక్కి, ఒక్కో మెట్టూ. మూడో మెట్టు దగ్గర చీర పక్కకు జరిగింది. గుమాస్తాలు ఆగి చూస్తున్నారు. ఆ చూపులు నేను భరించలేకపోయాను. భరించలేనిది నేను. ఆవిడకు అవి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటే.

"నీకెందుకీ కష్టం సువార్తమ్మా, నేను చెప్తాగా" అన్నాను.

"కష్టం ఏముందండి, కాస్త ఆలస్యం. వస్తన్నానని చెప్పి, ఆగమనండి అమ్మాయిగారూ."

ఆగమని చెప్పడానికే పైకి వెళ్ళాను. ఆఫీసరు గడియారం చూసుకుని, మీరే చెప్పేయండి మేడమ్ అన్నారు. చెప్పేశాను. ఏనాడూ అంత బాగా మాట్లాడి ఉండను. కానీ దుప్పటి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. అంతమంది మగవాళ్ళ ముందు లంగా, తొడ అని ఎలా అనడం? "శిబిరాల్లో మహిళలకు తగిన సౌకర్యాలు కల్పించాలి" అన్నాను. చప్పట్లు కొట్టారు. కమిటీలో మహిళ అన్నచోట నా పేరు రాసుకున్నారు. నా రెండు కాళ్ళూ బాగానే ఉన్న సంగతి అక్కడెవరికీ అడ్డు రాలేదు, నాకు కూడా.

బయటికి వచ్చేసరికి ఆవిడ పదిహేనో మెట్టు మీద ఉన్నారు. జాకెట్టు చెమటకు తడిసిపోయింది.

"అయిపోయిందాండి? దుప్పటి మాట చెప్పేరా?"

"చెప్పాను" అన్నాను.

ఆవిడ నవ్వి, ఎక్కినట్టే కూర్చుని, దిగడం మొదలుపెట్టారు.

తరవాతి శిబిరానికి ఫ్యాన్లూ, కొత్త కుర్చీలూ వచ్చాయి. అమ్మాయిగారు చెప్పేరు, దుప్పటి కడతారు అని నచ్చజెప్పి ఆవిడ కుమారిని తీసుకొచ్చారు. వరండా పొడుగునా కుర్చీలే. కుమారి ఒక్కసారి ఆవిడ వంక చూసి, వరసలోంచి తప్పుకుని, కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ శిబిరానికీ రాలేదు. సువార్తమ్మగారు బండి నా దగ్గరికి తిప్పుకొచ్చారు. తిడతారనుకున్నాను.

"మీకు సిగ్గేసి ఉంటదండి. నాకు వెయ్యదు. అందుకేనండి నేను ఎక్కుతానన్నది" అన్నారు.

క్షమించమని ఒక్క మాట అనొచ్చు, అనలేదు. కమిటీలోంచి తప్పుకోవచ్చు, అదీ చెయ్యలేదు. లోపల ఉంటేనే వాళ్ళకు ఏదైనా చెయ్యగలనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండేళ్ళ తరవాత ఒక మీటింగుకు ఆవిడ గంట ముందే వచ్చి, అందరికన్నా ముందు హాల్లో ఉన్నారు. లంగా అన్నారు, తొడ అన్నారు, వరండా అన్నారు. తలలు వంచుకున్నది మగవాళ్ళు. ఆ తరవాత శిబిరంలో దుప్పటి కట్టారు. కుమారి అప్పటికి టైపు ఆశ వదులుకుని పీచు దగ్గర కూర్చుంది. ఎంత పిలిచినా రానంది.

రెండు వేల ఆరులో ఆవిడ పోయారు. పేటకు వెళ్ళాను. వాకిట్లో కుమారి తాడు పేనుతూ తలెత్తింది. "సువార్తమ్మగారిని చూడ్డానికి వచ్చాను" అన్నాను. గారు అనడం అదే మొదలు, వినవలసిన మనిషి లేకుండా. కుమారి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

కిందటి నెల రాజోలులో ఒక సభకు పిలిచారు, వికలాంగ మహిళల గురించి నాలుగు మాటలు చెప్పమని. హాలు మేడ మీదే. నిర్వాహకులు మైకు నా చేతిలో పెట్టి, టైమైపోతోంది, మొదలుపెట్టమని సైగ చేశారు. కింద మెట్ల మీద, నేను దాటి వచ్చిన ఒకావిడ కర్ర చప్పుడు వినిపిస్తోంది, ఆగి ఆగి.

"ఆగండి. ఆవిడ వస్తున్నారు" అన్నాను.

ఆ రోజు సువార్తమ్మగారు నన్ను పైకి పంపింది ఆ ఒక్క మాట చెప్పడానికే.