బిచ్చయ్య ఎవరికీ అమ్మని అర్ధ రూపాయి

అబిడ్స్‌లో ఆదివారం పూట పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద, పుస్తకాల వరుస అయిపోయిన చోట బిచ్చయ్య పాత నాణేలు పెట్టుకుని కూర్చునేవాడు. పక్కనే పీట మీద సదాశివ. నాంపల్లి కోర్టులో గుమాస్తాగా చేసే మనిషికి సెలవు రోజున ఈ ఫుట్‌పాత్ మీద ఏం పనో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే సదాశివకూ తెలియదు. నాణేల మీద మోజుతో వచ్చాడు, బిచ్చయ్య మీద ప్రేమతో ఉండిపోయాడు. రక్తసంబంధం ఏమీ లేకపోయినా నోరారా కాకా అని పిలిచేవాడు.

నాణెం శుభ్రం చేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. చింతపండు, బూడిద పెట్టి తోమి తళతళలాడించి తెచ్చేవాళ్ళను చూస్తే బిచ్చయ్యకు ఒళ్ళు మండేది. "తోలు గీకినంక మొఖం ఏం మిగుల్తదయ్యా?" అని మొహం మీదే అనేవాడు. జిడ్డూ జిగురూ పోవాలంటే ఎసిటోనే వాడాలి. గాజు గిన్నెలో పోసి నాణెం వేస్తే అది వెండి జోలికి పోదు. వెండికి అంటుకున్న దాన్ని మాత్రం బతకనివ్వదు. మూసిన గదిలో ఆ వాసన పీలిస్తే తల తిరుగుతుంది, దగ్గర్లో దీపం ఉన్నా బీడీ ఉన్నా భగ్గుమంటుంది. ఒకసారి చెయ్యి కాల్చుకున్నాక బిచ్చయ్య డాబా ఎక్కి తప్ప ఆ సీసా మూత తీయలేదు.

ఆయన ఎవరికీ అమ్మని నాణెం ఒకటుండేది. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి అర్ధ రూపాయి. ఎప్పుడూ చొక్కా లోపలి జేబులోనే ఉండేది. ఎవరెంత బతిమాలినా "గది బేరానికి గాదు" అని మాట తుంచేసేవాడు. సదాశివకు దూరం నుంచి చూపించడమే తప్ప చేతికివ్వలేదు. దాని మీద మెరిసే పూత ఏదో ఉంది. నాణేలకు పూతలు పూయొద్దని లోకానికంతా పాఠం చెప్పే పెద్దమనిషి తన నాణేనికి ఎందుకు పూసుకున్నాడో సదాశివకు అంతుపట్టేది కాదు.

ఎదురుగా కూర్చుని నాణేలమ్మే భూపాల్ మాత్రం సులువుగా తేల్చేశాడు. "బొక్క వడ్డ బిళ్ళలను పూడ్సి అమ్ముతడు మీ కాకా. గా పూత తీస్తే దొంగతనం బయటవడ్తది" అని నలుగురిలో అన్నాడు. మెడలో కట్టుకోవడానికి చిల్లి పొడిచిన నాణేన్ని పూడ్చి మంచిదని అంటగట్టడం కంటే పాడు పని ఈ వ్యాపారంలో లేదు. చీమకు కూడా హాని తలపెట్టని గుమాస్తా ఆ రోజు భూపాల్ కాలర్ పట్టుకున్నాడు. బిచ్చయ్య మాత్రం తల వంచుకుని నాణేలు సర్దుకున్నాడు.

మొన్న చలికాలంలో బిచ్చయ్య పోయాడు. ఆయన భార్య భాగ్యమ్మ మిగిలిన సరుకంతా సదాశివ చేతే అమ్మించింది. ఆఖరికి ఆ అర్ధ రూపాయి కూడా తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇగ దీన్ని నేనేం జేస్కుంట సదాశివా? ఆయనకే పానం దీనిమీద. కడిగి అమ్మిపెట్టు."

సదాశివకు లోలోపల సంతోషమే. పూత తీసేసి, ఏ లోపమూ లేని నాణేన్ని భూపాల్ ముందు పెట్టాలి, కాకా పేరు మీద పడ్డ మచ్చ ఆ దెబ్బతో పోవాలి. ఇంటి డాబా ఎక్కి గిన్నెలో ఎసిటోన్ పోసి, నాణెం వేసి, మూతపెట్టి కిందికి దిగాడు.

తిరిగి వచ్చి చూస్తే ఎసిటోన్ లేత పసుపు రంగుకు మారి ఉంది. అడుగున వెండి రజను. గిన్నె ఒంపేసి నాణెం ఎత్తి పట్టుకుంటే చార్మినార్ పైన చిల్లి, అందులోంచి ఎదురింటి గోడ. రంగులేని గోళ్ళ పాలిష్‌లో వెండి రజను కలిపి పొరలు పొరలుగా పూడ్చారు. అంత ఓపికైన పని కాకాది తప్ప ఇంకెవరిదీ కాదు.

సదాశివ అక్కడే కూలబడి ఏడ్చాడు. బిచ్చయ్యను కాటికి మోసిన రోజున కూడా అంత ఏడుపు రాలేదు. నెత్తిన పెట్టుకున్న మనిషి దొంగ, భూపాల్ చెప్పిందే నిజం. భార్య ప్రభావతి గోళ్ళ పాలిష్ అలమారలోనే ఉంది, మళ్ళీ పూడ్చేస్తే అడిగేవాడెవడూ లేడు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నాణెం తీసుకుని నాంపల్లి స్టేషన్ వెనక భాగ్యమ్మ కిరాయికుండే గదికి వెళ్ళాడు.

"దీన్ని అమ్మలేను చిన్నమ్మా. బొక్క ఉన్నది. కాకా పూడ్సి మీద పూత పూసిండు."

భాగ్యమ్మకు చూపు మందం. నాణేన్ని బొటనవేలితో తడిమింది. చిల్లి అంచున చిన్న చీలిక దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది సుగుణది" అంది.

వాళ్ళకు ఒక బిడ్డ ఉండేదని సదాశివకు అంతవరకూ తెలియదు.

"మూడేండ్లది. తట్టు వోసి పోయింది. సీల వెట్టి బొక్క కొడుతుంటే బిళ్ళను నేనే పట్టుకున్న, గప్పుడే అంచు సీలింది. నల్లదారానికి గుచ్చి మెడల కట్టిన. బొంద వెట్టనీకె తీస్కపోంగ, బిళ్ళ దానితోనే పోనియ్యి, నా కండ్ల ముంగట ఉంచకు అన్న. ఆడోళ్ళం గాడికి పోం గద. మట్టిల ఏసిన అని వచ్చి చెప్పిండు."

సదాశివ గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. బిచ్చయ్య చిల్లి పూడ్చింది ఎవరినో ముంచడానికి కాదు. ఆవిడ కంటపడినా గుర్తుపట్టకూడదని.

"కాకా ఎవ్వరిని మోసం జెయ్యలే చిన్నమ్మా!" అన్నాడు ఆత్రంగా.

"మరి నన్ను జేసిందేంది?" అంది భాగ్యమ్మ. "తెల్లారే నా మనసు మారింది. గా ఒక్క బిళ్ళన్న ఉంచుకుంటే బాగుండని ఆయన ముంగటనే ఎన్నిసార్లు ఏడ్సిన్నో. జేబుల వెట్టుకొని ఇన్నడు. ఇయ్యలే. ఎందుకియ్యలేదని అడుగుదామంటే ఇప్పుడు మనిషే లేడాయె."

ఆవిడ నాణేన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎసిటోన్ ఘాటుకు మొహం తిప్పుకుంది.

"పొద్దుగాల తానం వోస్తే దాని మెడకు నూనె, పసుపు పూస్తుంటి. గీ బిళ్ళకు గూడ అంటుతుండె" అంది. "పూత కింద ఏమన్న ఉండెనా సదాశివా?"

పూతలంటే మండిపడే మనిషి ఆ ఒక్క నాణేనికి ఎందుకు పూత పూశాడో సదాశివకు అప్పుడు తెలిసింది. ఆ పసుపు దిగిన ఎసిటోన్‌ను తన చేత్తోనే డాబా మీద ఒంపేసి వచ్చాడు.

"ఏం లేకుండె చిన్నమ్మా" అన్నాడు.

భాగ్యమ్మ ఆ మాట కూడా నమ్మింది.