శాంతమ్మత్త సగం ముద్ద

మొన్న మా చెల్లెలి కూతురి పెళ్ళిలో, పాస్టరుగారు ప్రసంగం చేస్తుండగా, పెనం మీద నేతిలో కాలుతున్న ఓళిగ, అదే బొబ్బట్టు, వాసన నా ముక్కుకు తగిలింది. అంతే, ప్రసంగం సంగతి మరిచిపోయాను. పూర్ణం ఎక్కడో చిట్లి పెనానికి అంటుకున్నట్టుంది, మాడీ మాడని బెల్లం వాసన వంటపందిరి దాటి వస్తోంది. నాకు చక్కెర జబ్బు ఉందని కిందటేడు డాక్టరు తేల్చాడు. అప్పటినుంచీ చుట్టాలందరూ నా విస్తరికి కాపలాదార్లే. బంతిలో కూర్చోగానే, "నీకొద్దులే పెద్దమ్మా" అంటూ చెల్లెలి కొడుకు ఓళిగల పళ్ళెం నన్ను దాటించబోయాడు. "ఆగరా ఒరే! నాకు కాపలా కాయడానికి నేనేమన్నా చెనిక్కాయల కళ్ళమా?" అని గదమాయించి ఒకటి తీసుకున్నాను. పక్కనున్న వియ్యపురాలు నోరు తెరిచింది. పాపం, ఆమెకు శాంతమ్మత్త సంగతి తెలియదు. మీకూ తెలియదు కాబట్టి చెబుతాను.

శాంతమ్మత్త మా మిషను కాంపౌండులో బైబిలమ్మ. అంటే పల్లె పల్లెకూ తిరిగి, ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని వాక్యం చెప్పి, పాటలు నేర్పి, పసిపిల్లల పుసికళ్ళు కడిగి మందు వేసే మనిషి. నల్లమల అంచు పల్లెలన్నీ ఆమెవే. రక్తసంబంధం లేకపోయినా కాంపౌండులో అందరికీ అత్తే. భారీ మనిషి, పెద్ద గొంతు. ఆమె నవ్వితే బండి ఎద్దులు చెవులు రిక్కించేవి. తిండి అంటే మహా ఇష్టం, ఆ ఇష్టాన్ని దాచుకునే మనిషీ కాదు. నేను అట్లా కాదు. బోర్డింగు బడిలో పెరిగినదాన్ని. మారు వడ్డించమంటే అక్కడ వార్డెనమ్మ చెవి మెలిపెట్టి, తిండిపోతుతనం పాపమని చెప్పేది. అందుకని ఏదైనా రుచిగా తిన్నరోజు నేను మోకాళ్ళూని క్షమాపణ అడుక్కునేదాన్ని. అట్లాంటి నన్ను అత్తకు తోడుగా వేశారు.

దానికి కారణం ఉంది. అత్తకు చక్కెర జబ్బని మా ఆసుపత్రి డాక్టరమ్మ కనిపెట్టింది. గాజు గొట్టంలో నీలిమందు పోసి, అత్త మూత్రం చుక్కలు కొన్ని వేసి, దీపం మీద కాచింది. నీలంగానే ఉంటే మేలు. అది కాస్తా ఇటుకపొడి రంగుకు తిరిగింది. "శాంతమ్మా, పూటకు నీ పిడికిలంత సంగటి, అంతే. మించితే కాళ్ళు పోతాయి, కళ్ళు పోతాయి. పంటకోతలు అయ్యాక మళ్ళీ చూస్తాను. అప్పుడూ ఎర్రగానే ఉంటే ఊళ్ళు తిరగడం మానేసి, కాంపౌండులో కూర్చుని కుట్టుపని నేర్పుదువుగాని" అంది డాక్టరమ్మ. అత్త ముఖం అంతగా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. బయటికొచ్చి గోడకు ఆనుకుని, "కుట్టుపనంట మే! సూదిలో దారం ఎక్కించేది గూడ రాదు నాకు. పల్లెలకు పోకుండా నేనెట్ల బతకల్ల?" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

పిడికిలి కొలత ఇంట్లో అయితే సులువే. పల్లెలో ఎట్లా? బైబిలమ్మ వచ్చిందంటే ప్రతి గుడిసెలోనూ ఎసరు పడుతుంది. మా సీమలో సంగటి ముద్ద అంటే పసిబిడ్డ తలకాయంత ఉంటుంది. మేం వెళ్ళిన మొదటి పల్లెలో ఓబులమ్మ అనే కూలిమనిషి, మాదిగవాడలో తన గుడిసెకు మమ్మల్ని పిలిచింది. కంచంలాంటి తట్టలో అప్పుడే దింపిన రాగిసంగటి, నడుమ గుంట చేసి గోంగూర, పక్కన చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. అత్త గుటకలు మింగుతూనే చేయి అడ్డం పెట్టి, "వద్దమ్మా, కడుపు నిండుగా ఉండాది" అంది.

ఓబులమ్మ ముఖం మాడిపోయింది. "ఊరోళ్ళు మా చేతి నీళ్ళు గూడ ముట్టరు. మీరన్నా తింటారనుకుంటిమి. మీగ్గూడా మా కూడు అంటు అయిపాయనా అమ్మా?" అంటూ తట్ట ఎత్తబోయింది.

అత్త ఆ తట్ట అంచు గట్టిగా పట్టుకుంది. "యాడికి తీసకపోతాండావు మే? పెట్టు ఈడ! అంటూ లేదు, గింటూ లేదు. నాకు చక్కెర జబ్బు ఉండాది. పిడికెడుకు మించి తినగూడదన్యారు. ఆ మాట చెప్పకుండా కడుపు నిండిందని అబద్ధమాడితి, తప్పు నాదే." తట్ట వదలకుండానే, "అవునూ, నువ్వు తిన్యావా?" అని అడిగింది.

"నేనా? మొగోళ్ళు, పిల్లోళ్ళు తిన్యాక కుండలో మిగిలింటే తింటా."

"అయితే కూచో ఈడ." అత్త పిడికిలి బిగించి ముద్ద పక్కన పెట్టి కొలత చూసుకుంది. అంత తుంచుకుని మిగతాది ఓబులమ్మ ముందుకు తోసింది. "ఇది నాది, అది నీది. నువ్వు తినకపోతే నేనూ తినను."

ఓబులమ్మ అత్తగారు గడప దగ్గరినుంచి బుగ్గలు నొక్కుకుంది. "కోడలు అందరికన్నా ముందర తినేదా! శానా బాగుండాది!"

"బాగుంటాది గదా! నువ్వూ రా అవ్వా" అంది అత్త. ముసలామె గొణుక్కుంటూనే వచ్చి కూర్చుంది. ఓబులమ్మ మొదటి ముద్ద మింగి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "పొగలొచ్చే సంగటి తిని ఎన్ని దినాలాయనో అమ్మా" అంది.

అప్పటినుంచీ ఏ ఊళ్ళోనైనా అదే పద్ధతి. నాలుగు గుడిసెలు పిలిస్తే ఆ పూట పిడికిలిని నాలుగిళ్ళకూ పంచేది. ఒకచోట ఉసిరికాయంత, ఇంకోచోట నిమ్మకాయంత. ఏ ఇంట్లోనూ కాదనలేదు, ఏ ఇంట్లోనూ కొలత తప్పలేదు. సగం ముద్ద ఎదురుగా కూర్చున్న ఇల్లాలిది. ఆమె మొహమాటపడితే అత్తే కలిపి నోట్లో పెట్టేది.

కోతలు ముగుస్తుండగా ఒక సంఘపెద్ద ఇంట్లో పెళ్ళికి వెళ్ళాం. అత్త ఓళిగ మీద ధారగా నెయ్యి పోయించుకుని, కళ్ళు మూసుకుని, ఇంతింత కొరుక్కుంటూ తింది. నేను మోచేత్తో పొడిచాను. "పరీక్ష దగ్గరికొస్తాంది గదత్తా! ఎర్రగా వస్తే?"

"ఓళిగ తింటి గాబట్టి సంగటి ముట్టలేదు, అన్నం ముట్టలేదు. ఈ పొద్దు బండి గూడ ఎక్కను. సరిపాయ గదా?" నిజంగానే తిరుగుదారంతా బండి వెనక చేతులూపుకుంటూ నడిచింది. నేనూ దిగి నడవక తప్పలేదు. కాసేపటికి, "నువ్వెందుకు మూతి ముడ్సుకున్యావు?" అని అడిగింది.

"రెండో ఓళిగ తింటినత్తా. పాపం గదా?"

అత్త దారి మధ్యలో నిలబడిపోయి పగలబడి నవ్వింది. "పెండ్లింట్లో ఆ యమ్మ రెక్కలు నొయ్యంగా రుబ్బి చేసిండాది. నువ్వు తిని ఏడిస్తే ఆ యమ్మకేమొస్తాది, దేవునికేమొస్తాది? తిన్యాక ఏడ్సేదానికన్నా నడ్సేది మేలు. పా!" ఆ రోజునుంచి నేను తిండి గురించి మోకాళ్ళూనలేదు. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

పరీక్ష రోజు గొట్టం కాగుతుంటే నేను దాని మీదికి వంగి చూశాను. అత్త కళ్ళు మూసుకుంది. నీలం నీలంగానే ఉండి ఉండి, కాస్త ఆకుపచ్చకు తిరిగి ఆగిపోయింది, ఎర్రబడలేదు. డాక్టరమ్మ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి మళ్ళీ చూసింది. "ఇంటిపట్టున ఉండేవాళ్ళకే కుదరడం లేదు. ఊరూరా తింటూ నీకెట్లా కుదిరింది?"

"నా వంతు తినేవాళ్ళు ఊరూరా ఉండారమ్మా" అంది అత్త.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను ఓబులమ్మ దగ్గరినుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె గొట్టం కడిగి బోర్లించి, "వెళ్ళు శాంతమ్మా, తిరుగు" అంది. అత్త ఆసుపత్రి మెట్ల మీదే పాట ఎత్తుకుంది. ఆ తరువాత చాలా ఏళ్ళు తిరిగింది. చివరికి ఆమెను ఆపింది చక్కెర కాదు, వయసు. మోకాళ్ళు మొరాయించాయి, అంతే. అప్పుడు కూడా కాంపౌండులో పాటలు నేర్పింది గానీ సూది ముట్టలేదు.

ఆమె మానుకున్నాక నేను మొదటిసారి ఒంటరిగా ఊళ్ళకు బయలుదేరాను. ఒక పల్లెలో, అంతకుముందు నేనెరగని ఒకామె సంగటి తెచ్చిపెట్టింది. పొద్దున్నుంచీ నడిచి నడిచి ఆకలి దంచేస్తోంది. జబ్బూ లేదు, కొలతా లేదు. తట్ట ముందుకు లాక్కున్నాను. ఆమె వచ్చి దర్జాగా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది, ముద్ద అవతలి వైపు చేయి వేసింది.

"ఏందమ్మా?" అన్నాను.

"శాంతమ్మ పెట్టిన పద్ధతి. బైబిలమ్మ వచ్చిన దినం ఈ ఊళ్ళో ఆడోళ్ళమే ముందర తింటాం. నీకు తెల్దా?" అని, ముద్దను రెండుగా విరిచి పెద్ద సగం తాను తీసుకుంది.

నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. ఆమే నా నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చింది. ఇప్పుడు చక్కెర జబ్బు నాకూ వచ్చింది, మంచిదే. ఎవరింట్లో విస్తరి వేసినా నా పిడికిలంత తుంచుకుని, మిగతాది పంచుకోవడానికి ఇంకా తినని ఆడమనిషి ఎవరా అని చుట్టూ చూస్తాను. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.