టైపు బడి నాటకాలోళ్లు

"వనపర్తి, పెబ్బేరు, ఎర్రవల్లి, గద్వాల! జర లోపలికి జరగాలె!"

నాగర్‌కర్నూల్ బస్టాండులో ఒక కండక్టరమ్మ బస్సు మెట్టు మీద నిలబడి పిలుస్తోంది. పిలవడమే, అరవడం కాదు. ఆమె మెడ నరాలు ఉబ్బలేదు, మొహం ఎర్రబడలేదు. అయినా ఆ మాట హారన్ల మోత దాటుకుని, గేటు అవతల సోడాబండి దగ్గరున్న నా దాకా తేటగా వచ్చింది. నేను దవాఖానాలో నర్సును. గొంతు చించుకునేవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాను. కానీ ఇలా కడుపులోంచి మాట తీసేవాళ్లను కొద్దిమందినే ఎరుగుదును, వాళ్లందరికీ గురువు ఒక్కడే. సెలవు మీద ఇటిక్యాల దగ్గర మా ఊరికి బయలుదేరినదాన్ని, ఆ బస్సెక్కి, టికెట్ సంగతి మరిచిపోయి ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాను.

"ఏందే మంజులా, గట్ల జూస్తవ్? టికెట్ తీస్కోవా?" అంది ఆ కండక్టరమ్మ. భాగ్య! నేను ఆమెను పోల్చుకునే లోపే ఆమె నన్ను పోల్చుకుంది. పక్కన చోటు చేసి కూర్చోబెట్టుకున్నాను. మేమిద్దరం గద్వాలలో ఖాజా సార్ దగ్గర నాటకాలాడినవాళ్లం. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట అది. ఆ తరువాత ఎవరి దారి వాళ్లదైంది. మిగతావాళ్లు ఏమయ్యారు, ఎక్కడున్నారు అని ఆమెను అడుగుతున్నా, నా మనసు మాత్రం ఎన్నో ఏళ్లుగా నన్ను తొలుస్తున్న ఒకే ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. దానికి జవాబు చెప్పాల్సిన సార్ ఎప్పుడో పోయాడు.

ఖాజా సార్‌ను చూడనివాళ్లకు ఆయన్ను ఎలా చెప్పాలి? గద్వాల కోట దగ్గరి వీధిలో ఆయనకొక టైపు బడి ఉండేది. అప్పటికే ఊళ్లోకి కంప్యూటర్లు వచ్చేశాయి, టైపు నేర్చుకునేవాళ్లు పలచబడ్డారు. సాయంత్రం కాగానే మిషన్లను గోడకు జరిపి, రిబ్బన్ల సిరా వాసన, మిషన్ నూనె వాసన నిండిన ఆ గదిలో మా చేత నాటకాలాడించేవాడు. ఊరంతా మమ్మల్ని "టైపు బడి నాటకాలోళ్లు" అనేది. మనిషి పొట్టి, కోపం మాత్రం నిలువెత్తు. మైకు పేరెత్తితే మండిపడేవాడు. "గొంతుల ఉన్న ఆవాజు గొంతు దాకనే పోతది బేటా. కడుపులకెల్లి తీయి" అంటూ మా చేయి మా పొట్ట మీదే పెట్టించి మాట్లాడించేవాడు. ఇక మెప్పుకోలు అంటారా, అది ఆయన నోట వచ్చేది కాదు. ఎవరైనా అద్భుతంగా చేస్తే వీధిలోకి చూస్తూ, "సరే, ఇగ చాయ్ తాగుదాం" అనేవాడు. ఆ చాయ్ కోసం మేం ఎంత కొట్టుకునేవాళ్లమో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అదే మాకు బిరుదు.

మా బడిలో మరెక్కడా లేని పద్ధతి ఒకటుండేది. కృష్ణా తుంగభద్రల నడుమ మా నడిగడ్డ పల్లెల్లో విత్తనాల కోసం సీడు పత్తి పండిస్తారు. వానాకాలం చివర క్రాసింగ్ మొదలైతే సాయంత్రం మొగ్గలు విప్పాలి, పొద్దున్నే వాటికి మగపువ్వు పుప్పొడి రుద్దాలి. సన్నని వేళ్లుండాలని ఇళ్లల్లో పిల్లలందరినీ చేలకు తోలుకుపోయేవారు. దాంతో సరిగ్గా పోటీల వేళకు మా బృందం సగమయ్యేది. మొదట్లో సార్ ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడట. చేను కాదని నాటకానికి పంపే తండ్రి ఎక్కడుంటాడు? అప్పుడాయన బతిమాలడం మాని, ఎవరి వేషమూ ఎవరి సొత్తూ కాదన్నాడు. అందరూ అన్ని పాత్రలూ నేర్వాల్సిందే. నాటకం మధ్యలో ఆయన చప్పట్లు కొడితే అక్కడికక్కడ పాత్రలు మారిపోవాలి. అప్పటిదాకా తల్లిని ఎదిరించి మాట్లాడుతున్నవాడు చటుక్కున కొంగు కప్పుకుని ఆ మాటకు తనే ఏడవాలి. ఒకసారి ఖలీల్ అలా మారబోయి తడబడితే, "ఇప్పుడు తెల్సిందా ఆమెకు ఎందుకు బాధైందో? నువ్వన్న మాట నీకే తాకాలె" అన్నాడు సార్.

మా నాటకం ఆయనే అల్లింది. ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి పంచుకోబోతారు, పొలం మధ్య ఒక్కటే బావి. తల్లి వేషం భాగ్యది, చిన్నోడు ఖలీల్, పెద్దోడు వడ్డేపల్లి నర్సింలు. నేను అందరికీ మారుగా ఉండేదాన్ని, అంటే కూరలో కరివేపాకునన్నమాట. కానీ నా ప్రాణమంతా పెద్దోడి పాత్ర మీదే. "భూమినైతే చీలుస్తం, బాయిని ఎట్ల చీలుస్తమే అమ్మా?" అంటూ అతను రంగం మీదికి వస్తాడు. ఆ మాటను నేను వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ అనుకునేదాన్ని. ఆ ఏడు వనపర్తిలో యువజన పోటీలు సరిగ్గా క్రాసింగ్ రోజుల్లోనే పడ్డాయి. నర్సింలు చేనుకు వెళ్లిపోయాడు. సార్ నన్ను పిలిచి, "పెద్దోడు నువ్వే" అన్నాడు. ఆడపిల్ల మీసం పెట్టుకుని రంగం ఎక్కుతుందా అని ఊళ్లో కొందరు నోరు నొక్కుకున్నారు. నేను మాత్రం మా నాయన పంచె ఎత్తుకొచ్చి కట్టుకుని, అద్దం ముందు తెగ నడిచాను.

పోటీ రోజు మధ్యాహ్నం వనపర్తిలో ఒక కాలేజీ మైదానంలో షామియానా కింద జనం కిటకిటలాడుతున్నారు. నా వంతు వచ్చింది. ఎడమ వైపు నుంచి రంగం మీదికి వచ్చి, కడుపులోంచి మాట తీశాను. అదే మాట, అదే క్షణంలో, కుడి వైపు నుంచి కూడా వచ్చింది. తిరిగి చూస్తే నర్సింలు! జనంలోంచి లేచి రంగం ఎక్కేశాడు. తలకు రుమాలు, మట్టి పంచె, పుప్పొడి అంటి పసుపెక్కిన వేళ్లు. వాడు వేషం వేసుకోనక్కరలేదు, చేలోంచి ఉన్నపళంగా వస్తే చాలు, పెద్దోడే. అన్ని పాత్రలూ అందరికీ వచ్చిన బృందంలో తప్ప ఇలాంటి తప్పు ఎక్కడా జరగదు. ముందు వరుసలో ఒక ముసలమ్మ, "ఇద్దరు కొడుకులన్నరు గద, ముగ్గురున్నరా?" అని పైకే అనేసింది. ఖలీల్ తడుముకోకుండా, "అమ్మా, ఇగ మూడు పాళ్లు జేయాలె!" అన్నాడు. మైదానమంతా గొల్లుమంది.

నేను తెర పక్కన నిలబడ్డ సార్ వైపు చూశాను. ఇద్దరిలో ఒకరిని వెనక్కి రమ్మని సైగ చేస్తాడనుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. భాగ్యే తేరుకుని, "నా పెద్దోళ్లు ఇద్దరు కవలలు, ఎప్పటికి ఒక్క నోటితోటే మాట్లాడుతరు" అని మమ్మల్ని చెరో పక్కన నిలబెట్టింది. ఒక మాట నేను, ఒక మాట వాడు, కొన్నిసార్లు ఇద్దరం పోటీపడి ఎలాగో ఒడ్డున పడ్డాం. చప్పట్లు మోగాయి. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మెచ్చుకోలుగా, ఇద్దరితో ఒకే పాత్ర వేయించడం కావాలని చేసిన ప్రయోగమా అని అడిగాడు. అవునంటే బహుమతి మాదే. "లేదు సార్, తప్పు జరిగింది" అన్నాడు ఖాజా సార్. అలా అన్నారేమిటని ఖలీల్ లబోదిబోమంటే, "నాటకం ఆడేది ఆడ. ఈడ కాదు" అని రంగం వైపు చూపించాడు.

సాయంత్రం బస్టాండులో అందరికీ చాయ్ చెప్పాడు. నర్సింలు అప్పటికే ఎవరికీ కనిపించకుండా వెళ్లిపోయాడు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "నేను మంచిగ చెయ్యననేనా సార్, వాన్ని గూడ పిలిపించింది?" అని అడిగేశాను. ఆయన నా వైపు ఒక క్షణం చూసి, "చాయ్ సల్లారుతది, తాగు" అన్నాడు. అంతే. నేను గ్లాసును బెంచీ మీద అలాగే వదిలేసి బస్సెక్కాను. తరువాత నర్సింలు బడికి రాలేదు. టైపు బడి మూతపడింది, సార్ రాయచూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన పోయిన కబురు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన నన్ను నమ్మాడా, లేదా? ఇంత వయసొచ్చాక ఇదో ప్రశ్నా అని మీరనొచ్చు. కానీ నలుగురి ముందు భయం లేకుండా మాట్లాడటం నాకు నేర్పింది ఆయన. ఆయనే నన్ను నమ్మలేదంటే, నా కాళ్ల కింది నేలే అనుమానంగా ఉంటుంది.

"నర్సింలు వడ్డేపల్లిలనే ఉన్నడు. ఖలీల్ వనపర్తిల టెంటుహౌజు పెట్టిండు. ఆ రోజు సంగతి నాకైతే ఏం తెల్వదు, ఖలీల్‌నే అడుగు" అంది బస్సులో భాగ్య, నేనీ మాట ఎత్తగానే. ఊరికి పోవడం మరునాటికి వాయిదా వేసుకుని వనపర్తిలో దిగిపోయాను. ఖలీల్ దుకాణం నిండా షామియానాలు, కుర్చీలు, అన్నిటికంటే ఎక్కువగా మైకులు. "సార్ ఒక్క మైకును ముట్టనియ్యలే అక్కా, నేను వాటి మీదనే బతుకుతున్న. పైకెల్లి జూస్తే ఏం తిడుతుండో!" అని పగలబడి నవ్వాడు. పెళ్లిలో వంటవాడు రాకపోతే గరిట పడతాడట, బ్యాండులో ఒకడు తగ్గితే డప్పు కొడతాడట. నేను కూడా అంతే, ఏ వార్డులో ఎవరు రాకపోయినా నన్నే పిలుస్తారు. సార్ చప్పట్లు మమ్మల్ని ఇంకా వదల్లేదన్నమాట.

ఆ రోజు సంగతి అడగ్గానే ఖలీల్ నవ్వు ఆగింది. "అక్కా, నీకు తెల్వదా? సార్ నన్నే వడ్డేపల్లికి తోలిండు. పోటీకి నర్సింలును తప్పకుండ రమ్మను అన్నడు. వాళ్ల నాయిన కాళ్లు మొక్కినంత పని జేసి ఒప్పిచ్చిన."

అంటే నిజంగానే పిలిపించాడు. నాకు వేషం ఇచ్చి, నా వెనకే వాడికి కబురు పంపాడు. ఇక అక్కడితో వదిలేద్దామనుకున్నాను. కానీ ఒకటి తెలుసుకోవాలనుకుంటే సగంలో ఆగడం నా జాతకంలో లేదు. మర్నాడు పొద్దున్నే బయలుదేరి వడ్డేపల్లి చేరాను.

నర్సింలు తన చేను గట్టు మీదే ఉన్నాడు. పువ్వు రుద్దే పని ముగిసి కూలీలు అన్నాలకు కూర్చున్నారు. నెత్తి నెరిసింది, తలకు మాత్రం అదే రుమాలు. కుశల ప్రశ్నలయ్యాక ఖలీల్ చెప్పింది చెప్పాను.

"పిలిచింది నిజమే. ఆడికి పోయేసరికి సార్ గేటు కాడ్నే నిలవడ్డడు. ‘ముందల కూసోని సూడు. పెద్దోన్ని మంజుల ఏస్తది. ఆ పిల్ల నీకన్న మంచిగ పట్టుకున్నది, జూస్తే నీకే తెలుస్తది’ అన్నడు."

"మరి రంగం మీదికి ఎందుకొచ్చినవ్?"

"కడుపుల మంట! కూసున్న. నువ్వు వస్తున్నవని తెల్సు. ఆ మాట యాళ్లకు నా కాళ్లు వాటంతట అవే లేసినయ్." రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాదే తప్పని సార్ ఎవలకు జెప్పలే. నన్ను ఒక్క మాట అనలే. గందుకే మొహం సెల్లక మళ్ల రాలే."

నాకు అప్పుడు అర్థమైంది. నేనడిగిన ప్రశ్నకు జవాబు చెబితే నర్సింలు పరువు పోతుంది. న్యాయనిర్ణేతల ముందు కూడా తప్పు జరిగిందన్నాడే కాని ఎవరిదో చెప్పలేదు. ఆయన చేతిలో మిగిలిన జవాబు ఆ చాయ్ ఒక్కటే. దాన్నే నేను బెంచీ మీద వదిలేసి వచ్చాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గెందుకు?

"సరే, మరి ఆ రోజు నేను నిజంగ మంచిగ చేసిన్నా?" అని అడిగాను.

"నాకేం తెల్సు?" అన్నాడు నర్సింలు. "సూడనీకె పిలిస్తే మీదికెక్కితి. నా ఆవాజు నాకే ఇనవడె."

ఇద్దరం నవ్వలేక నవ్వాం. తరువాత వాడు తలకున్న రుమాలు విప్పి నా చేతికిచ్చి, గట్టు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు చెయ్యి. ఈపారి నేను లేవ."

కూలీలు ముద్దలు చేతిలో పట్టుకుని చూస్తున్నారు. చెప్పులు విడిచి, రుమాలు తలకు చుట్టి, చేయి పొట్ట మీద పెట్టుకున్నాను. భూమినైతే చీలుస్తం, బాయిని ఎట్ల చీలుస్తమే అమ్మా? మాట పత్తి సాళ్ల మీదుగా చేను చివరిదాకా పోయింది. మిగతాదంతా దానంతటదే వచ్చింది, ఒక్క ముక్క మరిచిపోలేదు. రెండుసార్లు నర్సింలు పెదవులు కదిలాయి, మోకాళ్ల మీద చేతులు బిగుసుకున్నాయి. మనిషి మాత్రం లేవలేదు.

చివరి మాట అయ్యాక లేచాడు. చేలోని గుడిసె వైపు తిరిగి, భార్యను కడుపులోంచి పిలిచాడు: "ఓ లచ్చిమీ, చాయ్ పెట్టు!"

చక్కెర బాగా ఎక్కువైంది. మొత్తం తాగాను.