దోమ, అక్క, ముక్కాలి పీట

ఆఫీసులో అతన్ని అందరూ దోమ అంటారు. ఇరవై రెండేళ్ళుగా నగరంలో జనం రక్తం తీయడమే అతని ఉద్యోగం. సూది గుచ్చినట్టు కూడా తెలియదని పేరు. అమ్మ పోయాక అతన్ని పెంచిన అక్క కూడా చివరికి అలాగే పిలవసాగింది. ఆ అక్కే, కరోనా మొదలైన వారంలో, గుమ్మం తొక్కనివ్వనని తేల్చి చెప్పేసింది. మెట్ల మీద ముక్కాలి పీట వేసి, "నీ చోటు అదీ" అంది. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం అతను ఆ పీట మీదే టీ తాగుతున్నాడు. ఆవిడ కిటికీ వెనక నిలబడి మాట్లాడుతుంది. లోపల, చిన్నప్పుడు తను అన్నం తిన్న బల్ల దగ్గర ఒక్కసారి కూర్చోవాలని అతని ప్రాణం కొట్టుకుపోయేది. పైకి మాత్రం టీ బాగుందనేవాడు.

ఇంతలో సర్వే వచ్చింది. ఎంతమందికి తెలియకుండానే జబ్బు వచ్చిపోయిందో రక్తంలోని యాంటీబాడీలను బట్టి తెలుస్తుందట. ప్రతి పదో ఇంట్లో ఒకరి రక్తం తీయాలి. ముందు సిబ్బందికి చేశారు. పొద్దస్తమానం రోగుల మధ్య తిరిగే దోమకి యాంటీబాడీలు లేవు. ఆ మాట చెబితే అక్క, "మిషన్ పాడై ఉంటుంది" అని కొట్టిపారేసింది.

వీధుల్లో ఇంకా చిత్రం. ఒక తొమ్మిదో ఇంటి పెద్దమనిషి ఒంటికాలి మీద లేచాడు. "మా రక్తానికి ఏం తక్కువయ్యా?" అన్నాడు. యాంటీబాడీలు లేవని తేలినవాళ్ళు పరీక్ష తప్పినట్టు మొహాలు వేలాడేసుకున్నారు. ఒకావిడైతే మళ్ళీ తీసి చూడమని బతిమాలింది.

లెక్క ప్రకారం అక్కది పదో ఇల్లు. ఆవిడ తలుపు తీయలేదు, కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టింది.

"ఊపిరి బిగబట్టి తియ్యి."

"ఊపిరాడకపోతే చెయ్యి వణుకుతుందక్కా."

"అయితే అటు తిరిగి తియ్యి."

అటు తిరిగి తీయడం దోమ వల్ల కూడా కాదు. ఆ చెయ్యి ఎంత సన్నబడిందో అతను అప్పుడే చూశాడు. చాలా బాధేసింది.

పది రోజులకి ఫలితం కవరు తెచ్చాడు. ఆవిడ పట్టకారుతో అందుకుని చదివింది. యాంటీబాడీలు ఉన్నాయి, అవీ దండిగా.

"ఇల్లు కదలని నాకు రావడమేంటి? ఊరంతా తిరిగే నీకు లేకపోవడమేంటి?"

"ఎప్పుడో వచ్చి పోయిందిలే అక్కా. ఎండాకాలంలో రెండ్రోజులు ఒళ్ళునొప్పులన్నావుగా. ఇప్పుడేం లేదు."

"పోయిందని నీకేం తెలుసు? ఇల్లు చూసుకుని వెళ్ళింది, మళ్ళీ రాదూ?"

అయినా ఇక పీట తీసేస్తుందని దోమకి ఆశ పుట్టింది. ఆవిడ మాత్రం కాగితాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివింది.

"ఎనిమిది నెలలు నా చేత్తోనే నీకు టీ ఇచ్చాన్రా" అంది.

గడియ తీసిన చప్పుడైంది. అక్క బయటికొచ్చి, "లే" అంది. అతను లేవగానే తను ఆ పీట మీద కూర్చుంది.

"నీకు లేదు. నువ్వు లోపల కూర్చో. టీ బల్ల మీదుంది."

"అది కాదక్కా, యాంటీబాడీలంటే..."

"నాకు చెప్పకు. వెళ్ళు."

దోమ లోపలికెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీలోంచి అక్క నెరిసిన ముడి ఒక్కటే కనబడుతోంది.

"టీ ఎలా ఉందిరా?" అని బయటినుంచి అడిగింది.

బాగుందన్నాడు.