మొదటి కోత గంప

గంప అల్లడం నాకు చేతకాదని ముందే చెప్పాను. వింటేగా మా అత్త!

మా చర్చిలో కోతల పండగనాడు ఎవరి పంట వాళ్లు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మా ఇంటినుంచి మొదటి కోత మిరపకాయలు పోతాయి, అదీ ఇంట్లో అల్లిన కొత్త వావిలి గంపలో. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ గంప అత్తే అల్లింది. పోయిన వానాకాలం ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మూతి కాస్త వంకరపోయి మాట ముద్దగా వస్తుంటే, సిగ్గేసి నలుగురిలో నోరు తెరవడమే మానేసింది. నా మీద మాత్రం ఆ నోరు భేషుగ్గా లేచేది.

"ప్లాస్టిక్ టబ్బులో పోసుకుని పోదాం అత్తా. దేవుడికి కాయలు కావాలా, గంప కావాలా?" అన్నాను.

"దేవుడికి ఏదీ అక్కర్లేదే. నాకు కావాలి. నా చెయ్యి పడిపోయింది గానీ నా ఇంట్లో ఆ పని పోలేదని నేను చూసుకోవాల" అంది.

సరేనని కాలవ కట్టమీద వావిలి బరిగెలు కోసుకొచ్చాను. ఆమె మంచమ్మీద, నేను కింద. లావు బరిగెలు అడ్డంగా నిలువుగా పేర్చి, కాలితో తొక్కిపట్టి, సన్నవాటిని ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి తిప్పుకుంటూ పోవాలి. చెప్పడానికి ఇంతే. చేయబోతే ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తుంది. వంచితే ఫట్‌మని విరుగుతుంది. విరిగిన మొన గోటి సందులో దిగుతుంది.

"అట్టా కాదే! కిందనుంచి... కిందనుంచీ!"

"కిందనుంచేగా పెట్టింది!"

"ఏడిచావులే. విప్పు."

విప్పు అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండిపోయేది. మధ్యాహ్నమంతా అల్లింది ఆ ఒక్క మాటతో బరిగెల కుప్ప అయిపోయేది. మొదటి గంప అడుగు కుదరక దొర్లిపోయింది. రెండోది ఒక పక్కకి ఒరిగింది. "ఇందులో కోడి కూడా గుడ్డు పెట్టదు" అంది అత్త. విసిరి వాకిట్లో కొట్టాను. పొయ్యిలోకి పనికొస్తుందని మళ్లీ ఏరుకొచ్చిందీ నేనే, అదో ఖర్మ.

ఈలోగా మిరపకోతలు మొదలై తీరిక లేకపోయింది. మిగిలిన బరిగెలు ఎండి బిర్రబిగిశాయి. నానేస్తే మెత్తబడతాయని అత్త చెబితే, దొడ్లో నీళ్లున్న డ్రమ్ము కనిపించి అందులో ముంచిపెట్టాను. మెత్తబడ్డాయి. ఆ తర్వాత ఏమైందో గానీ చేతులు నా మాట విన్నాయి. పండగ ముందురోజు సాయంత్రానికి గంప నిలబడింది. అంచు కూడా తిరిగింది. అరుగుమీద పెడితే ఊగలేదు.

అత్త ఎడంచేత్తో తిప్పితిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏ డ్రమ్ములో నానేశావే?"

"నీలం దాంట్లో."

"అది మందు కలిపే డ్రమ్ము గదే, పిచ్చిమొహమా!"

నిజమే. పత్తికీ మిరపకీ కొట్టే పురుగుమందంతా అందులోనే కలుపుతాం. నాకేం మతి పోయిందో! గంప కడిగాను, సబ్బు పెట్టి రుద్దాను, మళ్లీ కడిగాను. వాసన గుప్పుమంటూనే ఉంది. అరుగుమీద కూలబడి భోరున ఏడ్చాను. అత్త తిట్టలేదు, ఓదార్చలేదు. తిట్టినా బాగుండేది.

పొద్దున కాయల్ని టబ్బులోనే పోశాను. బయల్దేరేసరికి అత్త ఆ ఖాళీ గంపని ఎడం చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"వద్దత్తా, నీకు దణ్ణం పెడతా. అందరూ నవ్వుతారు" అని బతిమాలాను. వినిపించుకోకుండా కాలీడ్చుకుంటూ నడిచింది.

వేలంలో పాస్టరుగారు గంపని పైకెత్తి, "ఇదేంటమ్మా, ఖాళీగా ఉంది?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కన అత్త బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది.

"మా కోడలు అల్లిందండీ," అంది, ఆ ముద్దమాటతోనే, చర్చంతా వినపడేలా. "గట్టిది. తినేవి మాత్రం వెయ్యబాకండి."